ఫీనిక్స్ నుంచి వైట్ శాండ్స్ వెళ్ళే దారిలో కొలంబస్ (న్యూ మెక్సికో)లో ఆగడం దండగేనా?

ఎడారి_అల్లుడు
మామగారు, అత్తగారు విజిటింగ్ మీద వచ్చారు. ఫీనిక్స్ నుంచి వైట్ శాండ్స్ (తెల్ల ఇసుక దిబ్బల పార్కు) ప్లాన్ చేశాం. డెమింగ్ దగ్గర ఐ-10 హైవే దిగి 32 మైళ్ళు దక్షిణానికి పోతే కొలంబస్ అని సరిహద్దు ఊరు ఉంది, తప్పకుండా చూడమని మా ఆఫీసులో ఒకాయన ఒకటే ఊదరగొట్టాడు. మ్యాప్ తెరిస్తే నాలుగు వీధులు, చుట్టూ ఖాళీ. జనాభా 1,400 చిల్లర. పోనూ రానూ గంట పైన, అక్కడ తిరగడానికి ఇంకో రెండు గంటలు. "మా నాన్నని వడియంలా ఎండబెట్టడానికా" అని మా ఆవిడ అప్పుడే మొదలెట్టింది. మామగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు, గుళ్ళకంటే పాత స్టేషన్లంటే ఇష్టం. వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

డీజిల్_బండి
దండగ. దుమ్ము, గాలి, సగం మూసేసిన షాపులు. అరగంట తిరిగి వెనక్కొచ్చేశాం. ఆ టైమేదో వైట్ శాండ్స్‌లో పెట్టండి, సూర్యాస్తమయం దక్కుతుంది.

ఓరుగల్లు_టు_టూసాన్
గాయన చెప్పింది అబద్ధం గాదు. ఊరు జూస్తే ఏముంటది, నాలుగు గల్లీలు. కత తెల్వకుంట పోతే ఎవ్వలకైన గట్లనే అనిపిస్తది. 1916ల ఏమైందో జర చదువుకొని పోండ్రి. నేను దోస్తులతోని పోయిన. ఒకడు ఏసీ ఇడిసి కార్లకెల్లి దిగనేలేదు, నేనేమో పొద్దు గూకేదాక ఆడనే ఉన్న.

గోంగూర_గై
ఆ కారులోంచి దిగనివాడే డీజిల్_బండి అని నా అనుమానం.

డీజిల్_బండి
దిగాను బాబూ. దిగితే టోపీ ఎగిరిపోయింది. మార్చిలో అక్కడి గాలి సంగతి తెలిసినవాడెవడూ నవ్వడు.

పాత_పటాలు
కథ చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా, కాస్త పొడుగే.

1916 మార్చి 9, తెల్లవారుజామున నాలుగుంబావు ప్రాంతం. మెక్సికో విప్లవ నాయకుడు పాంచో విల్లా మనుషులు ఐదొందల మంది దాకా చీకట్లో సరిహద్దు దాటి ఈ ఊరి మీద పడ్డారు. రైలు పట్టాలకి దక్షిణాన క్యాంప్ ఫర్లాంగ్ అనే సైనిక శిబిరం, ఉత్తరాన ఊరు. 13వ క్యావల్రీ (గుర్రపు దళం) వాళ్ళు నిద్రలో ఉన్నారు. వచ్చినవాళ్ళు రెండుగా చీలి కొందరు శిబిరం మీదికి, కొందరు ఊళ్ళోకి. కమర్షియల్ హోటల్ తగలబడింది. విచిత్రమేంటంటే ఆ మంటల వెలుగులోనే వీధిలో ఉన్న విల్లా మనుషులు కనబడిపోయి, సైనికులకి గురిపెట్టడం తేలికైంది. స్టేషన్ గడియారానికి గుండు తగిలి 4:11 దగ్గర ఆగిపోయింది.

శిబిరంలో ఆ వేళకి లేచి ఉన్నది వంటవాళ్ళే. పొద్దుటి టిఫిన్ కోసం మరుగుతున్న నీళ్ళు తీసి మీదపడ్డవాళ్ళ మీద కుమ్మరించారు, గొడ్డళ్ళు అందుకున్నారు. జాన్ లూకాస్ అనే లెఫ్టినెంట్ బూట్లు దొరక్క ఉత్త కాళ్ళతో ముళ్ళలో పరిగెత్తి మెషిన్ గన్ తీయిస్తే, అది కాసేపటికే జామ్ అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో ఆంజియో దగ్గర దళాలని దించిన జనరల్ ఈయనే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో సూజన్ పార్క్స్ అనే ఆవిడ చంటిబిడ్డని పక్కనే పెట్టుకుని, అద్దాలు పగిలి మీద పడుతుంటే డెమింగ్‌కి లైను కలిపి సాయం పంపమంది.

మొత్తం 18 మంది అమెరికన్లు పోయారు, అందులో 10 మంది మామూలు ఊరి జనం. విల్లా వైపు అంతకు మూడు నాలుగింతలు. పట్టుబడ్డవాళ్ళలో కొందరిని తర్వాత డెమింగ్‌లో ఉరి తీశారు.

చిట్టి_చిలకమ్మ
అంత పెద్ద దేశం మీద ఐదొందల మందితో ఎందుకు పడ్డట్టు? మతి ఉండే చేశాడా?

పాత_పటాలు
మతి ఉండే చేశాడు. 1915 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు విల్సన్ ప్రభుత్వం విల్లా శత్రువు కరాంజాని మెక్సికో అధినేతగా గుర్తించింది. నవంబరు 1న మెక్సికో సరిహద్దు ఊరు ఆగ్వా ప్రియెటా దగ్గర యుద్ధం. అక్కడికి కరాంజా సైన్యం అమెరికా నేల మీదుగా అమెరికా రైళ్ళలోనే చేరింది. విల్లా చిత్తుగా ఓడాడు. అంతకుముందు దాకా ఇదే అమెరికాకి ఆయన కావలసినవాడే, అమెరికా జనరల్ పెర్షింగ్ పక్కన నిలబడి ఫొటో కూడా దిగాడు. ఆ కసి ఒకటి. తుపాకులు, గుర్రాలు, తిండీ అయిపోయాయి, అది రెండోది. కొలంబస్‌లోని రావెల్ సోదరుల కొట్టుతో ఆయుధాల బేరంలో డబ్బు తేడా వచ్చిందని, దానికోసమే వచ్చాడని ఇంకో మాట. విల్లా స్వయంగా ఊళ్ళోకి దిగాడా, అవతలే ఉండి నడిపించాడా అన్నదాని మీద ఇప్పటికీ వాదులాట ఉంది.

గోంగూర_గై
రావెల్ సంగతి సగంలో వదిలేశారేం. విల్లా మనుషులు వెతికింది అన్న శామ్ రావెల్ కోసం. ఆయన ఆ రాత్రి ఎల్ పాసోలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి ఊళ్ళోనే లేడు! తమ్ముడు లూయిస్ కొట్టులో పశువుల తోళ్ళ గుట్ట కింద దూరి బతికాడు. పన్ను పోటు మనిషిని బతికించిన కేసు చరిత్రలో ఇదొక్కటేనేమో.

చిట్టి_చిలకమ్మ
ఇప్పుడు అదే ఊరికి జనం పళ్ళ డాక్టరు కోసం వస్తున్నారు. సరిహద్దు అవతల మెక్సికో ఊరు పలోమాస్‌లో వీధి నిండా డెంటల్ క్లినిక్కులు, కళ్ళజోళ్ళ షాపులు, మందుల కొట్లు. చలికాలం వచ్చిందంటే ఆర్‌వీలు (ఇల్లులాంటి బండ్లు) వేసుకుని ముసలాళ్ళంతా దిగుతారు.

డీజిల్_బండి
కథ బాగుంది, ఒప్పుకుంటా. కానీ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క పెద్ద ఆకర్షణకి పేరేంటో తెలుసా? పాంచో విల్లా స్టేట్ పార్క్! ఊరిని తగలబెట్టి పది మంది సామాన్యుల్ని చంపినవాడి పేరు, అదీ సరిగ్గా ఆ శిబిరం ఉన్న చోట. చచ్చినవాళ్ళ పేరు పెట్టడానికి చేతులు రాలేదా?

ఓరుగల్లు_టు_టూసాన్
రెండు దేశాల దోస్తానా కోసం పెట్టిన్రట. అవతల పలోమాస్‌ల, దాడి తర్వాత విల్లా ఎన్క పడ్డ పెర్షింగ్, విల్లా షేక్‌హ్యాండ్ ఇచ్చుకునే బొమ్మ గూడ ఉంటది. దొరకకుంట ఉర్కినోడు, పట్టలేక వాపస్ అచ్చినోడు, ఇద్దరు నవ్వుకుంట నిలబడ్డరు.

మన్యం_కుర్రాడు
డీజిల్ అన్నా, తుపాకుల కోసం స్టేషన్ల మీద పడ్డవాళ్ళు మనకీ ఉన్నారు. అల్లూరి 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు కొట్టింది తుపాకుల కోసమే కదా. ఇవాళ జిల్లాకే ఆయన పేరు. ఎవరి వైపు నుంచి చూస్తే వాళ్ళు.

పాత_పటాలు
తుపాకులు తప్ప ఇంకేదీ కలవదు తమ్ముడూ. అల్లూరి పడింది తన నేలనేలుతున్న పరాయి ప్రభుత్వపు పోలీసు స్టేషన్ల మీద. ఇక్కడ పోయినవాళ్ళలో పచారీ కొట్టు నడిపేవాడున్నాడు, హోటల్లో దిగిన బాటసారి ఉన్నాడు. మెక్సికోలో విల్లా వీరుడే, పాటలు కట్టి పాడతారు, అది వాళ్ళ లెక్క. కొలంబస్‌లో మాత్రం ఇప్పటికీ ఇటో మాట, అటో మాట. మార్చి 9న హిస్టారికల్ సొసైటీ వాళ్ళు పోయినవాళ్ళ పేర్లు చదివి సంస్మరణ జరుపుతారు. ఆ రోజుల్లోనే కబల్‌గాతా అని మెక్సికో నుంచి గుర్రాల మీద బారులు తీరి వస్తారు, 1999 నుంచి జరుగుతోంది. ఇటువైపు రౌతులు కూడా కలిసి ఊళ్ళోకి ఊరేగుతారు. సంస్మరణకి వెళ్ళేవాళ్ళలో ఊరేగింపుకి రానివాళ్ళు కొందరున్నారు.

మన్యం_కుర్రాడు
సరే, పోలిక వెనక్కి లాక్కోను గానీ, పచారీ కొట్టువాడి దగ్గర ఆగుతా.

ఎడారి_అల్లుడు
చర్చ చూస్తుంటే వెళ్ళాలనే ఉంది. ఇంతకీ చూడ్డానికి చేతికందేవి ఏమున్నాయి? మామగారికి స్టేషన్ లాంటిదేమైనా?

రైలుకూత
ఇందుకే లాగిన్ అయ్యా. ఊరు ముందు 1891లో సరిహద్దుని ఆనుకునే పుట్టింది. ఎల్ పాసో అండ్ సౌత్‌వెస్టర్న్ రైలు మార్గం మూడు మైళ్ళ ఉత్తరంగా పడేసరికి ఊరు ఊరంతా పట్టాల దగ్గరికి జరిగింది. బిస్బీ, డగ్లస్ రాగి కంపెనీ వాళ్ళు తమ సరుకు ఎల్ పాసో చేర్చుకోడానికి వేసుకున్న లైను అది. 1902 నాటి డిపో (రైల్వే స్టేషన్) బిల్డింగు అలాగే ఉంది, ఇప్పుడు మ్యూజియం. లోపల టికెట్టు గది, ఆ కాలం సామాన్లు, దాడి నాటి ఫొటోలు. పట్టాలు మాత్రం లేవు, ఎప్పుడో పీకేశారు. డిపో ముందు నిలబడితే తూర్పు పడమరలకి లైను పోయిన కట్ట ఆనవాలు కనిపిస్తుంది. మీ మామగారు దాని వెంట నడిచి ఇక్కడ సిగ్నల్, ఇక్కడ లూప్ లైను అని చెప్పడం మొదలెడితే మీ ఆవిడ ఇంకో రెండు గంటలు ఓపిక పట్టాలి.

రైలుకూత
ఇంకోటి. మ్యూజియం నడిపేది వాలంటీర్లు, అందరూ పెద్దవాళ్ళు. ఫోన్ చేసి తెరిచి ఉందో లేదో కనుక్కుని బయల్దేరండి. పాత కస్టమ్స్ హౌస్ రోడ్డు అవతలే, పార్కు ఆవరణలో.

విమానం_వీరయ్య
అసలు సరుకు వదిలేస్తున్నారు. అమెరికా సైన్యం మొట్టమొదట యుద్ధానికి విమానాలు వాడింది ఈ ఊరి నుంచే. దాడి జరిగిన వారానికి, మార్చి 15న, విల్లాని పట్టుకోడానికి పెర్షింగ్ మెక్సికోలోకి దిగాడు, తర్వాత తర్వాత పదివేల దాకా సైన్యం. ఆయన కోసం కెప్టెన్ ఫౌలాయ్ ఆధ్వర్యంలో ఫస్ట్ ఏరో స్క్వాడ్రన్, 8 కర్టిస్ జెన్నీ విమానాలు రైలెక్కి కొలంబస్ వచ్చాయి. మార్చి 16న మొదటి నిఘా ఫ్లయిట్. నెల తిరిగేసరికి ఎనిమిదిలో మిగిలినవి రెండు!

శత్రువు కూల్చి కాదు. ఆ ఇంజన్‌తో సియెర్రా మాద్రే కొండలు ఎక్కలేవు, దుమ్ముకి ఇంజన్ పోయేది. ప్రొపెల్లర్లేమో చెక్క పలకలు జిగురుతో అంటించి చేసినవి. ఎడారి పొడిగాలికి జిగురు ఎండి పొరలు పొరలుగా గాల్లోనే ఊడిపోయేవి. ఆఖరికి కొలంబస్‌లోనే షెడ్డు వేసి, ఆ వాతావరణానికి ఆరబెట్టిన కలపతో ప్రొపెల్లర్లు చేసుకున్నారు. పార్కు ఎగ్జిబిట్ హాల్లో జెన్నీ నమూనా పూర్తి సైజుది వేలాడుతూ ఉంటుంది. కింద నిలబడి చూస్తే బట్ట, తీగలు, చెక్క తప్ప ఏమీ లేదు. దానిలో కూర్చుని ఆ కొండల మీదికి ఎలా వెళ్ళారో నాకు అర్థం కాదు.

ఓరుగల్లు_టు_టూసాన్
గదే హాల్ల గుండ్లు దిగిన డాడ్జ్ కారు గూడ ఉంటది. తలుపుల బొక్కలల్ల ఏలు వెట్టి సూస్తుంటే గార్డు దగ్గిండు.

విమానం_వీరయ్య
బయట గ్రీజ్ ర్యాక్ కూడా మిస్ కాకండి. సిమెంటు ర్యాంపు, లారీలు ఎక్కించి కింద నుంచి బాగు చేసేవాళ్ళు. గుర్రాల సైన్యం లారీలకి మారిన చోటు అది. పక్కన చిన్న కొండ, కూట్స్ హిల్. పది నిమిషాల్లో ఎక్కేయొచ్చు, దక్షిణాన పలోమాస్, వాయవ్యంలో ట్రెస్ ఎర్మానాస్ మూడు శిఖరాలూ కనిపిస్తాయి. చుట్టూ నాగజెముళ్ళ తోట.

డీజిల్_బండి
ఇంత హంగామా చేసి విల్లాని పట్టుకున్నారా?

విమానం_వీరయ్య
లేదు. పదకొండు నెలలు గాలించి 1917 ఫిబ్రవరి 5న తిరిగొచ్చారు. విల్లాని 1923 జులైలో పార్రాల్‌లో కారులో వెళ్తుంటే మెక్సికోవాళ్ళే కాల్చి చంపారు.

ప్రయారిటీ_డేట్_2013
పెర్షింగ్ ఉత్త చేతులతో రాలేదు. ఆయన వెంట 527 మంది చైనీయులు కొలంబస్ దాకా వచ్చారు. మెక్సికోలో సైనికులకి సిగరెట్లు, సబ్బులు, తిండి అమ్ముకున్నవాళ్ళు. విల్లా మనుషులు చైనీయులని దొరికినవాణ్ణి దొరికినట్టు చంపేవాళ్ళు, సైన్యం వెళ్ళిపోతే వీళ్ళు బతకరు. ఇక్కడేమో 1882 నుంచి చైనీయులు రాకుండా చట్టం. పెర్షింగ్ పట్టుబట్టి తెచ్చాడు. చాలామందిని శాన్ ఆంటోనియో శిబిరాల్లో పనికి తీసుకెళ్ళారు. 1921లో కాంగ్రెస్ వీళ్ళకోసమే తీర్మానం చేసి ఉండిపోనిచ్చింది.

గోంగూర_గై
నాలుగేళ్ళలో తేలిపోయిందా! గ్రీన్ కార్డు ఏ కేటగిరీ అది?

ప్రయారిటీ_డేట్_2013
ఈబీ-పెర్షింగ్. ఇండియాకి కోటా లేదు.

పాత_పటాలు
నవ్వులాటకి బానే ఉంది గానీ, ఆ నాలుగేళ్ళూ వాళ్ళు సైన్యం పూచీ మీద ఉన్నారు, ఎప్పుడు పంపేస్తారో తెలీకుండా.

ప్రయారిటీ_డేట్_2013
ఆ బాధ మాకు వివరించక్కర్లేదు మాస్టారూ.

ఎడారి_అల్లుడు
😂 సరే, అసలు విషయం. అక్కడిదాకా వెళ్ళి పలోమాస్‌లో కాలు పెట్టి రావచ్చా? నా వీసా స్టాంప్ గడువు అయిపోయింది, ఐ-797 (వీసా స్టేటస్ ఆమోదపత్రం) ఉంది. మామగారివాళ్ళ వీసా పదేళ్ళది, చెల్లుతుంది.

లాస్‌క్రూసెస్_లత
మీరు వద్దు. 30 రోజుల లోపు మెక్సికో వెళ్ళొస్తే పాత స్టాంప్‌తోనే తిరిగి రానిచ్చే రూల్ అమెరికా వైపు ఉంది. కానీ మెక్సికోలోకి ఇండియన్ పాస్‌పోర్ట్‌తో వేరే వీసా లేకుండా వెళ్ళాలంటే చెల్లుబాటయ్యే అమెరికా వీసా లాంటిది ఉండాలి. గేటు దగ్గర ఎవరూ అడగలేదని చెప్పేవాళ్ళని నమ్మి పోకండి. వీసా ఉన్న మామగారివాళ్ళు నడిచి వెళ్ళొచ్చు, పాస్‌పోర్ట్, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) ప్రింటు దగ్గర పెట్టుకుని.

చిట్టి_చిలకమ్మ
అత్తా మామల్ని అవతలికి పంపి అల్లుడు ఇవతల ఉండటమా? ఐడియా నాకు నచ్చింది.

లాస్‌క్రూసెస్_లత
వెళ్ళాల్సిన పని కూడా పెద్దగా లేదు. గేటు దాటగానే పింక్ స్టోర్ అని పేద్ద కొట్టు, తలవేరా పింగాణీ, గాజు, రేకు సామాన్లు, లోపలే రెస్టారెంట్. అందరూ అక్కడికే. పెద్దవాళ్ళు శాకాహారులైతే బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారేమో అడిగి తినాలి, "సిన్ కార్నే, సిన్ మాంతేకా" (మాంసం వద్దు, కొవ్వు వద్దు) అని చెప్పండి. పళ్ళు, మాంసం ఏది తెచ్చినా గేటు దగ్గర చెప్పాలి. మందుల జోలికి పోవద్దు.

నాకు అక్కడ గుర్తుండిపోయింది వేరే. పొద్దున్నే వెళ్తే పలోమాస్ నుంచి పిల్లలు సంచులు తగిలించుకుని గేటు దాటి నడిచొస్తారు, ఇవతల పసుప్పచ్చ బస్సులు ఆగి ఉంటాయి. ఇక్కడ పుట్టిన పిల్లలు, అమ్మా నాన్నా అక్కడ. కొలంబస్, డెమింగ్ బడుల్లో చదువు. అందరి చేతుల్లో పాస్‌పోర్టు, ఐడీ కార్డులు. ఒక బుడ్డోడు పాస్‌పోర్టు నోట కరుచుకుని బూటు తాడు కట్టుకుంటున్నాడు.

డీజిల్_బండి
పలోమాస్‌లో నాకు పన్ను సిమెంటు పెట్టించారు, చవగ్గా వస్తుందని. ఆరు నెలల్లో ఊడి మళ్ళీ ఫీనిక్స్‌లో చేయించుకున్నా. కొందరికి బాగా పనిచేస్తుందట, నా పన్ను అదృష్టం అది.

గోంగూర_గై
శామ్ రావెల్‌లా ఎల్ పాసో వెళ్ళాల్సింది.

శనివారం_డ్రైవర్
ఊరి రంగుల చరిత్ర 1916తో ఆగలేదు. 2011లో ఊరి మేయర్ని, పోలీస్ చీఫ్‌ని, పాలకవర్గంలో ఇంకొకర్ని ఫెడరల్ వాళ్ళు పట్టుకెళ్ళారు, మెక్సికోకి తుపాకులు చేరవేసే కేసు. నేరం ఒప్పుకున్నారు కూడా.

పాత_పటాలు
1916లో తుపాకుల కోసం అటువాళ్ళు ఇటొచ్చారు. ఈసారి ఇంటికే పంపారు.

శనివారం_డ్రైవర్
రోడ్డు సంగతి. వచ్చేటప్పుడు వైట్ శాండ్స్ నుంచి లాస్ క్రూసెస్ దారిలో యూఎస్ 70 మీద ఒక బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్ట్, లాస్ క్రూసెస్ దాటాక ఐ-10 పడమటి వైపు ఇంకోటి. అందరి పాస్‌పోర్టులు, మీ ఐ-797 ఒరిజినల్స్ డిక్కీలో కాకుండా ముందు పెట్టుకోండి. మామగారికి ముందే చెప్పండి, వాళ్ళు అడిగితే ఒక్క ముక్కలో జవాబు చాలు, రైల్వే సర్వీసు మొత్తం చెప్పక్కర్లేదు.

రైలుకూత
అభ్యంతరం. రైల్వే సర్వీసు ఒక్క ముక్కలో చెప్పడం కుదరదు.

శనివారం_డ్రైవర్
లార్డ్స్‌బర్గ్ దగ్గర ఎండిన చెరువు నేల మీంచి దుమ్ము లేస్తే ఐ-10 మూసేస్తారు. వసంతకాలం మధ్యాహ్నాలు మరీ ఎక్కువ. పొద్దున్నే దాటేయండి. దుమ్ములో చిక్కుకుంటే రోడ్డు పక్కకి బాగా తప్పుకుని ఆపి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీంచి కాలు తీయాలి. లైటు వెలుగుతుంటే వెనకవాడు రోడ్డు అదే అనుకుని వచ్చి గుద్దేస్తాడు. డెమింగ్‌లో పెట్రోలు నింపుకుని కిందికి దిగండి. కొలంబస్ నుంచి ఎన్ఎం 9 రోడ్డు మీద సరిహద్దు వెంబడి ఎల్ పాసో వైపు పోయే దారి బాగుంటుంది, ఒక్క బంకు ఉండదు.

లాస్‌క్రూసెస్_లత
టైము చూసుకోండి. అరిజోనా గడియారం మారదు, న్యూ మెక్సికోది మారుతుంది. ఎండాకాలం గంట ముందుంటుంది. మా వాళ్ళొకరు ఆ లెక్క మర్చిపోయి ఎగ్జిబిట్ హాలు తలుపులు మూసేశాక దిగారు.

మన్యం_కుర్రాడు
డెమింగ్ పక్కన రాక్‌హౌండ్ స్టేట్ పార్క్‌లో రాళ్ళు ఏరుకుని ఇంటికి పట్టుకెళ్ళనిస్తారు, ఒక్కొక్కరు 15 పౌండ్ల దాకా. చాలా పార్కుల్లో గులకరాయి ముట్టుకున్నా జరిమానా, ఇక్కడ రాళ్ళు పట్టుకెళ్ళండి బాబూ అని పార్కే పెట్టారు. అత్తగారికి తులసికోట చుట్టూ పెట్టుకోడానికి పనికొస్తాయి.

చిట్టి_చిలకమ్మ
15 పౌండ్లా? వాళ్ళ రిటర్న్ లగేజీలో ఆవకాయ డబ్బాల చోటు ఖాళీగానే ఉంటుంది మరి.

ఎడారి_అల్లుడు
ఖాయం చేశాం. శుక్రవారం రాత్రి డెమింగ్‌లో బస, శనివారం పొద్దున్నే డిపో, పార్కు, కొండ, మధ్యాహ్నానికి వైట్ శాండ్స్. గేటు దాటడం లేదు. దారిలో మిరపకాయలు ఎక్కడ కొనొచ్చు? అత్తగారు హ్యాచ్ పేరు విని పట్టుకున్నారు.

గోంగూర_గై
ఆగస్టు, సెప్టెంబరు అయితే హ్యాచ్ వెళ్ళండి, డ్రమ్ముల్లో కాలుస్తూ ఉంటారు, వాసన రోడ్డు మీదికే తగులుతుంది. మిగతా నెలల్లో ఎండువి, పొడి. హోటల్లో "రెడ్ ఆర్ గ్రీన్" అని అడిగితే కంగారు పడకండి, అది ఆ రాష్ట్రపు అధికారిక ప్రశ్న. రెండూ కావాలంటే "క్రిస్మస్" అనాలి.

ఓరుగల్లు_టు_టూసాన్
కారం మీద ఆశలు వెట్టుకోకుండ్రి. మా అమ్మ హ్యాచ్ మిరపకాయ కొరికి "గిది కూరగాయనా" అన్నది.